అమ్మతో నాలుగు రోజుల సింగపూర్: మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచండి

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు, బెంగుళూరులో ఉద్యోగం. మాది చిత్తూరు దగ్గర పల్లె. అమ్మకి 58. తిరుమల, కంచి, ఒకసారి కాశీ, అంతకుమించి ఎక్కడికీ వెళ్ళలేదు. టీవీలో సింగపూర్ కనబడితే చాలు, "ఎంత శుభ్రంగా ఉందో చూడు" అంటుంది. ఈసారి బోనస్ డబ్బుతో ఒక నాలుగు రోజులు అక్కడికి తీసుకెళ్దామని ఉంది. నాకూ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. గేదెల్ని ఎవరు చూస్తారంటూ నాన్న రానన్నారు. తమ్ముడేమో సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ మూడూ కలిపి వారం ప్యాకేజీ తీసుకో, పెట్టిన డబ్బుకి గిట్టుబాటు అవుతుంది అంటున్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రోజూ మాత్రలు వేసుకుంటుంది. గుడ్డు కూడా ముట్టదు. ఇంగ్లీషు రాదు, తమిళం మాత్రం బాగా మాట్లాడుతుంది. పదో తరగతి చదవలేదు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని వచ్చింది. దాంతో ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని ఊళ్ళో ఎవరో భయపెట్టారు. ప్యాకేజీ మేలా, సొంతంగా వెళ్ళడం మేలా? ఏం చూపించాలి, ఏం పట్టుకెళ్ళాలి?

జవాబు: మీ తమ్ముడి లెక్క రూపాయల్లో కరెక్టే. కానీ ఆ వారం నడిచేది మీ అమ్మగారి మోకాళ్ళు. మూడు దేశాలంటే మూడుసార్లు పెట్టెలు సర్దాలి, మూడు చోట్ల ఇమ్మిగ్రేషన్ వరసల్లో నిలబడాలి. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి చాలా ప్యాకేజీలు బస్సులోనే తీసుకెళ్తాయి. అయిదారు గంటల ప్రయాణం. మధ్యలో సరిహద్దు దగ్గర సింగపూర్ వైపు ఒకసారి, మలేసియా వైపు ఒకసారి దిగి తనిఖీ చేయించుకోవాలి. పొద్దున ఏడున్నరకల్లా హోటల్ లాబీలో ఉండమంటారు, బస్సు దిగి ఇరవై నిమిషాల్లో ఫొటోలు దిగి రమ్మంటారు. ముప్ఫై ఏళ్ళవాళ్ళకే అది అలసట. ప్యాకేజీలన్నీ చెడ్డవని అనను. ఆరోగ్యం బాగుండి, నలుగురితో సరదాగా పోదామనుకునేవాళ్ళకి బాగానే ఉంటాయి. (తీసుకుంటే టీసీఎస్ అనే పన్ను పేరుతో ముందుగా కొంత పట్టుకుంటారు, అది మీ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుకోవచ్చు. ఏజెంట్లు ఈ రెండో ముక్క చెప్పరు.) మీ ఇద్దరికి మాత్రం సింగపూర్ ఒక్కటే చాలు, సొంతంగానే వెళ్ళండి. మొదటిసారి దేశం దాటేవాళ్ళకి అంతకన్నా తేలికైన ఊరు ఆ చుట్టుపక్కల లేదు. కుళాయి నీళ్ళు తాగొచ్చు, ప్రతి మెట్రో స్టేషన్లోనూ లిఫ్టు ఉంటుంది, పైగా అక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. మీ అమ్మగారికి ఇంగ్లీషు రాకపోవడం అక్కడ మీరు భయపడినంత లోటు కాదు.

ఊళ్ళోవాళ్ళు పెట్టిన భయం ముందు తీర్చేద్దాం. ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్ళు ఉద్యోగం కోసం కొన్ని దేశాలకి వెళ్ళేటప్పుడు మన ప్రభుత్వం నుంచి అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో 18 దేశాలున్నాయి. అందులో సింగపూర్ లేదు. చూడటానికి వెళ్ళేవాళ్ళకి అసలు ఆ అనుమతితోనే పని లేదు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, వీసా, మూడూ కాగితం మీద ప్రింటు తీసి అమ్మగారి చేతిసంచిలో కూడా ఒక సెట్టు పెట్టండి. చెన్నైలో ఆఫీసరు "ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎవరితో" అని అడిగితే ఆమే జవాబు చెప్పనివ్వండి, మీరు అందుకోకండి. పక్కనుంచి కూతురు గబగబా చెప్పేస్తుంటేనే వాళ్ళకి అనుమానం వస్తుంది.

భారతీయులకి సింగపూర్ వీసా కావాలి. నేరుగా సింగపూర్ దౌత్య కార్యాలయానికి పోనక్కర్లేదు, అధికారిక ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేస్తారు. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దానిమీద ఏజెంటు కమీషను. బయల్దేరే తేదీకి నెల లోపల పెట్టుకోండి. వీసా ఈమెయిల్లోనే వస్తుంది. పాస్‌పోర్టుకి అక్కడ అడుగుపెట్టే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువుండాలి. మన తెలుగువాళ్ళు చిక్కుపడేది పేరు దగ్గర. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆధార్‌లో ఏముందో మర్చిపోండి. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏ ముక్క ఉందో టికెట్టులోనూ వీసాలోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి.

సింగపూర్‌లో దిగకముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల 'ఎస్‌జీ అరైవల్ కార్డు' అనే ఫారం ఆన్‌లైన్లో నింపాలి. ఇద్దరికీ వేరువేరుగా. ఇది పూర్తిగా ఉచితం. అచ్చం ప్రభుత్వం వాళ్ళదిలాగే కనిపించే వెబ్‌సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్ళున్నారు, వెతుకులాటలో మొదట కనిపించేవి తరచుగా అవే. బ్యాంకు కార్డు వివరాలు అడిగిన సైటులోంచి వెంటనే బయటికి వచ్చేయండి. సింగపూర్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఐసీఏ, దాని సొంత సైటులోగానీ 'మై ఐసీఏ' యాప్‌లోగానీ నింపండి. అక్కడ దిగాక పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యరు, ఎన్నాళ్ళు ఉండొచ్చో ఈమెయిల్లో వస్తుంది. ఇప్పుడు చాలామందిని ఆటోమేటిక్ గేట్ల గుండానే పంపుతున్నారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి, తలుపు మూసుకుంటుంది, కెమెరా వైపు చూడాలి. ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే గాజు తలుపు మూసుకోగానే, మీరు అవతల ఉండిపోయారని ఆమె కంగారు పడతారు.

ఇక అసలు సంగతి, ఫ్లైటు. మీ ఊరికి చెన్నై దగ్గర. మీరు బెంగుళూరు నుంచి, ఆమె ఊరి నుంచి వచ్చి చెన్నైలో కలుసుకోవచ్చు, లేదా ముందురోజే మీరు ఇంటికి వెళ్ళి ఇద్దరూ కారులో బయల్దేరొచ్చు. రెండోదే మేలు. చెన్నై నుంచి సింగపూర్ నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. చవక టికెట్లన్నీ రాత్రివే. రాత్రి పదకొండు, పన్నెండుకి ఎక్కితే అక్కడ తెల్లవారుజామున దిగుతారు. మన కన్నా వాళ్ళ గడియారం రెండున్నర గంటలు ముందు కాబట్టి రాత్రి ఇంకా చిన్నదైపోతుంది. ఏడింటికి ఊళ్ళోకి చేరతారు. హోటలువాళ్ళు రూము ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. మధ్యలో ఆ ఏడెనిమిది గంటలు, నిద్రలేని అమ్మగారు, వాచిన కాళ్ళు, లాబీలో సోఫా. నాలుగు రోజుల ప్రయాణంలో ఒక రోజు అలా పోతుంది. ఆ అలసట మర్నాటికీ తీరదు. పగలు బయల్దేరేవి తక్కువే, టికెట్టు కొంచెం ఎక్కువే, అయినా వెతకండి. సాయంత్రం దిగి, తిని, పడుకుని, మర్నాడు పొద్దున హాయిగా లేవొచ్చు. దొరక్కపోతే రాత్రి ఫ్లైటే తీసుకుని, ముందు రాత్రికి కూడా రూము బుక్ చెయ్యండి. తెల్లవారుజామున వస్తామని హోటలుకి ఈమెయిల్ పెట్టండి. ఖాళీ రూముకి డబ్బు కట్టడమేంటని మనసొప్పదు. కానీ ఈ ప్రయాణం మొత్తంలో మీరు పెట్టే ఖర్చులన్నిటిలోనూ ఇదే సార్థకం.

టికెట్టు తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని రాయించండి. మొదట ఆవిడ "నేనేమన్నా కుంటిదాన్నా" అంటారు. అననివ్వండి. చాంగీ విమానాశ్రయంలో గేటు నుంచి బయటికి నడక చాలా దూరం. చక్రాల కుర్చీ తోసే మనిషి దారి కూడా చూపిస్తాడు, మొదటిసారి వెళ్ళే మీకూ అది లాభమే.

బస లిటిల్ ఇండియాలో పెట్టండి. లిటిల్ ఇండియా స్టేషను గానీ, దాని తర్వాతి ఫారర్ పార్క్ స్టేషను గానీ అయిదు నిమిషాల నడకలో ఉండాలి. లిటిల్ ఇండియా స్టేషన్లో ఎక్కితే రైలు మార్చుకోకుండా ఒకే లైనులో తోటలకీ, చైనాటౌన్‌కీ, మెరీనా బేకీ పోవచ్చు. రూము బుక్ చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. అక్కడ చవక హోటళ్ళలో కిటికీ లేని రూములు మామూలు. 'విండో' అని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. పల్లెలో వాకిట్లో తెల్లారే మనిషిని కిటికీ లేని గదిలో పడుకోబెడితే పొద్దు ఎక్కిందో లేదో కూడా తెలీదు. చూపించిన రేటు మీద సర్వీసు చార్జీ 10 శాతం, జీఎస్‌టీ 9 శాతం కలుస్తాయేమో కూడా అడగండి.

సింగపూర్ భూమధ్యరేఖకి దాదాపు ఆనుకునే ఉంటుంది. అక్కడ చలికాలం, ఎండాకాలం అంటూ వేరుగా లేవు. ఏ నెలలో చూసినా 31, 32 డిగ్రీలు. మీ చిత్తూరు ఎండతో పోలిస్తే ఎంత అనుకోకండి. అక్కడ ఉక్క, గాల్లో తేమ. పదిన్నరకి బయట నడిస్తే చీర ఒంటికి అంటుకుపోతుంది. మధ్యాహ్నం దాటాక తరచుగా ఉరుములతో వాన. లోపలికి వెళ్తే మాల్‌లోనూ మెట్రోలోనూ ఏసీ గడ్డకట్టిస్తుంది. ఈ వేడీ చలీ మధ్య పదిసార్లు మారడమే జనాన్ని పడేస్తుంది. అందుకే చెబుతున్నా: పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో పన్నెండు నుంచి నాలుగున్నర దాకా రూములో. తిని, కాళ్ళు చాపుకుని, ఫ్యాను కింద కునుకు తియ్యనివ్వండి. ఊళ్ళో రోజూ చేసేది అదేగా. మీకు మాత్రం చేతులు ఊరుకోవు, ఇంత ఖర్చుపెట్టి వచ్చి పడుకోవడమేంటని అనిపిస్తుంది. అనిపించినప్పుడు మీరొక్కరే కిందికి వెళ్ళి, లిటిల్ ఇండియాలోనే ఉన్న పెద్ద బజారు ముస్తఫా సెంటర్ ఒక చుట్టు చుట్టి రండి.

ఏం చూడాలి అంటే, నన్నడిగితే మొదటి ఉదయం బొటానిక్ గార్డెన్స్. 1859లో మొదలైన తోట, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పొద్దున అయిదింటికే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. లోపల ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్టు. లిటిల్ ఇండియా నుంచి డౌన్‌టౌన్ లైనులో నేరుగా బొటానిక్ గార్డెన్స్ స్టేషనుకి పోవచ్చు. కానీ ఆ గేటు నుంచి ఆర్కిడ్ తోటకి కిలోమీటరు పైనే నడవాలి. అందుకని పోయేటప్పుడు టాక్సీలో నాసిమ్ గేటు దగ్గర దిగండి, అక్కణ్ణించి ఆర్కిడ్లు దగ్గర. తిరిగి వచ్చేటప్పుడు ఓపికుంటే మెల్లగా నడిచి మెట్రో ఎక్కొచ్చు. మొక్కలు పెంచే చేతులు ఆవిడవి. ఆర్కిడ్ తోటలో మీకన్నా ఎక్కువసేపు ఆగుతారు, తొందరపెట్టకండి.

అదే సాయంత్రం గార్డెన్స్ బై ద బే. బేఫ్రంట్ స్టేషను, మళ్ళీ అదే లైను. బయటి తోటంతా ఉచితం. ఇనుముతో కట్టిన మహావృక్షాలు 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. రాత్రి 7.45కీ, 8.45కీ పాటకి తగ్గట్టు వాటి మీద దీపాలు వెలుగుతాయి. టికెట్టు లేదు. తలెత్తి నిలబడితే మెడ పట్టేస్తుంది కాబట్టి చాలామంది చెట్ల కిందే నేల మీద పడుకుని చూస్తారు. సంచిలో ఒక పాత దుప్పటి వేసుకెళ్ళండి. స్టేషను నుంచి చెట్లదాకా నడవలేకపోతే కొద్దిపాటి టికెట్టుతో బండి ఉంటుంది. అద్దాల గోపురాల్లో క్లౌడ్ ఫారెస్టుకి టికెట్టు ఖరీదెక్కువే, కానీ తలుపు తీయగానే 35 మీటర్ల జలపాతం ఎదురుగా పడుతుంది, చల్లగా ఉంటుంది. ఒకటే ఎంచుకోవాలంటే పూల గోపురం వదిలేసి దీనికి వెళ్ళండి. నెలలో కొన్ని రోజులు మరమ్మత్తులకి మూస్తారు, ముందు చూసుకోండి.

ఇంకో ఉదయం చైనాటౌన్. పేరుకి చైనాటౌన్, అందులో నిలబడ్డది మారియమ్మ గుడి. 1827 నాటిది, ఆ ఊళ్ళో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం. దానికి కూతవేటు దూరంలో 2007లో కట్టిన బుద్ధుడి దంతధాతు ఆలయం. రెండూ కలిపి గంటన్నర. సాయంత్రం సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ విగ్రహం దగ్గర నీళ్ళ ఒడ్డున కూర్చుని, ఎనిమిదింటికి అవతలి ఒడ్డున మెరీనా బే శాండ్స్ హోటలు ముందు వేసే నీళ్ళ దీపాల ఆట చూడొచ్చు. యూనివర్సల్ స్టూడియోస్ వినోదాల పార్కు మీ ఇద్దరికి కాదు. నైట్ సఫారీలో ట్రాములో కూర్చుని జంతువుల్ని చూడొచ్చు, బాగుంటుంది కూడా, కానీ ఊరికి దూరం, తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. సెంటోసా దీవి మీద మోజుంటే కేబుల్ కారు ఎక్కి వెనక్కి వచ్చేయండి.

గుళ్ళ విషయంలో ఒకమాట. మన ఊళ్ళోలాగే అక్కడా మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు, సాయంత్రం మళ్ళీ తీస్తారు. ఫారర్ పార్క్ స్టేషను పక్కనే శ్రీనివాస పెరుమాళ్ గుడి. 1855లో మొదలైంది. ఈస్టిండియా కంపెనీ దగ్గర 26 రూపాయల 8 అణాలకి ఆ స్థలం కొన్నారు. పెరుమాళ్ అంటే మీ అమ్మగారికి వేరే చెప్పాలా, తిరుమల కొండ కింద పుట్టినావిడకి.

ఇక్కడ మీకు నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి వస్తుంది. నాలుగు రోజులూ టికెట్టు మీరు తీసి, దారి మీరు చూపి, తిండి మీరు ఆర్డరిచ్చి, ఆవిణ్ణి పిల్లలా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఆవిడ చూసేది మీ వీపే. ముప్ఫై ఏళ్ళు సంసారం నడిపిన మనిషి. చేతనైనవి ఆమెనే చెయ్యనివ్వండి. మొదటిది మెట్రో. అక్కడ రైలుకీ బస్సుకీ వీసా, మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ కార్డే తాకించి వెళ్ళిపోవచ్చు. కాకపోతే ఒక కార్డుమీద ఒక మనిషే. మీది తాకించి ఆమెని లోపలికి పంపి, మళ్ళీ అదే తాకిస్తే కుదరదు. కాబట్టి ఆమెకి ఆమె కార్డు ఉండాలి. మన బ్యాంకు కార్డులకి విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపి ఉంటాయి, బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో తెరవండి. లేదా అక్కడ స్టేషన్లో ఒక రవాణా కార్డు కొని డబ్బులు వేసి ఇచ్చేయండి. ఎక్కేటప్పుడూ తాకించాలి, దిగేటప్పుడూ తాకించాలి. బస్సులో దిగేటప్పుడు మర్చిపోతే చివరి స్టాపు దాకా చార్జీ పడుతుంది. మొదటిసారి గేటు తెరుచుకోకపోతే వెనక నిలబడ్డవాళ్ళు ఏమనుకుంటారోనని ఆమె వెనక్కి తగ్గుతారు. ఇంకోసారి తాకించమనండి, అంతే. రెండో రోజుకి మీకన్నా ముందు గేటు దాటుతారు.

రెండోది టెక్కా మార్కెట్టు. లిటిల్ ఇండియా స్టేషను బయటికొస్తే అదే. పొద్దున ఎనిమిదికి ఒక అరగంట ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపండి. పక్కనే బఫలో రోడ్డులో మల్లెపూల దండలు కట్టే అంగళ్ళున్నాయి, కూరగాయల దగ్గర మునక్కాయలు, అరటి పువ్వు, కరివేపాకు. అమ్మేవాళ్ళలో చాలామందికి తమిళం వచ్చు. బేరం చెయ్యకుండా వస్తారనుకోను. హోటల్ కార్డు, కొంత చిల్లర, మీ నంబరున్న ఫోను ఇచ్చి పంపితే చాలు. ఆదివారం సాయంత్రం మాత్రం ఆ వీధుల్లో అడుగు తీసి అడుగు పెట్టలేరు. వారమంతా కట్టడాల్లో పనిచేసే మనవాళ్ళు, బంగ్లాదేశీలు అక్కడికే చేరతారు. ఆ గుంపులో కరీంనగర్, నిజామాబాద్ యాస కూడా చెవిన పడొచ్చు. రద్దీ భయమైతే ఆ పూట వేరే వైపు పెట్టుకోండి.

తిండి. మీ ఉత్తరంలో కాస్త తేలిగ్గా తీసుకున్నారు గానీ, గుడ్డు ముట్టని మనిషికి ఇదే జాగ్రత్త పడాల్సింది. సెరంగూన్ రోడ్డులో భోజనానికి లోటు లేదు. ఆనంద భవన్ 1924 నుంచి, కోమల విలాస్ 1947 నుంచి నడుస్తున్నాయి. ఇడ్లీ, దోశ, అరిటాకు భోజనం. రెండు పూటలు అక్కడ ఖాయం చేసుకుని, మూడో పూట కొత్తది రుచి చూపించండి. కొత్తదంటే హాకర్ సెంటర్లు. పెద్ద పైకప్పు కింద వరసగా చిన్న చిన్న అంగళ్ళు, మధ్యలో బల్లలు. ఈ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బల్ల మీద కాగితం రుమాళ్ళ పొట్లం ఒకటి పడి ఉంటే ఎవరో పారేసుకున్నారని కూర్చోకండి, అది సీటు పట్టుకున్న గుర్తు, మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు. తిన్న పళ్ళెం మీరే తీసి పెట్టాలి, 2021 నుంచి దానికి జరిమానా నిబంధన కూడా ఉంది.

కాయా టోస్టు అని అందరూ తినమంటారు. ఆకుపచ్చగా, కొబ్బరి వాసనతో నోరూరిస్తుంది. కాయా జామ్‌లో గుడ్డు ఉంటుంది, వద్దు. కూరగాయల నూడుల్స్ అని రాసి ఉన్నదాంట్లో నూడుల్సే గుడ్డుతో చేసినవి కావచ్చు, రుచికి ఎండు రొయ్యల ముద్దో చేపల సాసో వెయ్యొచ్చు. "వెజిటబుల్" అంటే పైన ఏముందో చెప్పినట్టు, లోపల ఏముందో చెప్పినట్టు కాదు. చైనావాళ్ళ పూర్తి శాకాహార అంగళ్ళు వేరే ఉన్నాయి, అవి నమ్మకం. చాలా వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అయితే సోయాతో, గోధుమతో చేసిన ముక్కలు అచ్చం కోడి, చేప ఆకారంలో వడ్డిస్తారు. పళ్ళెం చూసి అమ్మగారు లేచి నిలబడకముందే సంగతి చెప్పండి. చెప్పినా తినకపోవచ్చు, పర్లేదు, పళ్ళ ముక్కలు, చెరుకురసం ఎక్కడైనా దొరుకుతాయి.

కాఫీ మాత్రం తప్పకుండా తాగించండి. 'కోపీ' అంటారు. గుడ్డ సంచిలో పొడి వేసి, పొడవాటి మూతి ఉన్న పాత్రలోంచి వేణ్ణీళ్ళు పోసి, ఇంకో పాత్రలోకి ఎత్తి దించి వడగడతాడు. గింజల్ని చక్కెర, వనస్పతి లాంటి కొవ్వుతో కలిపి మాడ్చి వేయిస్తారు కాబట్టి నల్లగా, మాడు వాసనగా, మన చికరీ కాఫీకి దూరపు చుట్టంలా ఉంటుంది. మామూలుగా అడిగితే తియ్యటి చిక్కటి పాలు పోస్తారు. చక్కెర వద్దంటే 'కొసోంగ్' అనాలి. నల్ల కాఫీ 'కోపీ ఓ'. మాట ఆవిడకి నేర్పి అంగడి ముందు ఆవిణ్ణే నిలబెట్టండి. విమానంలో తిండికి, పెద్ద ఎయిర్‌లైన్ అయితే 'ఏషియన్ వెజిటేరియన్' అని ముందుగా పెట్టించండి. చవక విమానమైతే పులిహోర కట్టుకెళ్ళండి, ఎవరూ ఏమనరు.

పట్టుకెళ్ళేవాటిలో ఆవకాయ తక్కువే పెట్టండి, అది కూడా లోపలికి వేసే పెట్టెలో, రెండు కవర్లలో చుట్టి. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. ఎండుకొబ్బరి విమానంలో ఒప్పుకోరు. మసాలాల పొట్లంలో గసగసాలు ఉంటే ఇంట్లోనే తీసెయ్యండి. సింగపూర్‌లో వాటిని మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు, తెలీదంటే వినరు. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. ఎవరైనా పొగాకు, గుట్కా, ఈ-సిగరెట్ "అక్కడ మావాడికి ఇవ్వండి" అని ఇస్తే చేత్తో కూడా ముట్టుకోవద్దు.

మాత్రల సంగతి అంతకన్నా ముఖ్యం. మోకాళ్ళకి రోజూ వేసుకుంటారన్నారు. చీటీ తీసి మందుల పేర్లు చదవండి. మామూలు పారాసెటమాల్, బీపీ, షుగరు మాత్రలకి ఇబ్బంది లేదు, డాక్టరు చీటీ వెంట ఉంటే చాలు. కానీ మన దగ్గర మోకాళ్ళకి రాసే కొన్ని గట్టి నొప్పి మాత్రల్లో ట్రమడాల్ కలిసి ఉంటుంది. అదీ, కోడీన్ ఉన్న దగ్గు మందూ, నిద్ర మాత్రలూ సింగపూర్‌కి తీసుకెళ్ళాలంటే అక్కడి ఆరోగ్య విభాగం హెచ్ఎస్ఏ దగ్గర ముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలి. అవి ఉంటే మీ డాక్టర్ని అడిగి నాలుగు రోజులకి వేరేది రాయించుకోవడం తేలిక. కొత్త మాత్ర ఏదైనా ఇక్కడే వారం ముందు వేసి చూడాలి, అక్కడికి వెళ్ళి కాదు.

మిగతావి చిన్నవే: మూడు చదరపు పిన్నుల ప్లగ్గుకి ఒక అడాప్టరు, గొడుగు, ఏసీకి ఒక శాలువా, పాతబడ్డ చెప్పులు. కొత్త చెప్పులు కొని పెట్టకండి. నీళ్ళ సీసా వెంట ఉంచుకోండి. మెట్రోలో మాత్రం తాగకండి, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. సింగపూర్ డాలరు ఈమధ్య 70 రూపాయలకి అటూ ఇటూగా ఉంది. ఇద్దరికీ చేతిఖర్చులకి మూడు వందల డాలర్లు నోట్లుగా ఉంచుకుని మిగతాది కార్డు మీద వాడండి. హాకర్ సెంటర్లో ఒక పూట భోజనం అయిదు నుంచి ఎనిమిది డాలర్లు, మెట్రో ఒకటి రెండు డాలర్లు. అమ్మగారు ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి "కాఫీ నూట నలభయ్యా!" అంటారు. ఆ లెక్క మీరు చెయ్యకండి, చేస్తే ఆవిడ పస్తుంటారు.

బంగారం. ముస్తఫాలో నగల అంతస్తు చూసి ఆశపడటం సహజం. చిన్న ప్రయాణం చేసి వచ్చేవాళ్ళకి నగల మీద సుంకం మినహాయింపు లేదు, ఏడాది పైన విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకే అది. కాబట్టి చూసి రండి. ఇక్కణ్ణించి పెట్టుకెళ్ళేవి కూడా ఒంటిమీద రోజూ ఉండేవే ఉండనివ్వండి. గాజులూ హారమూ పెట్టుకెళ్తానంటే, వెళ్ళేటప్పుడే చెన్నై కస్టమ్స్‌లో చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. అంత గొడవ ఎందుకు, బీరువాలో పెట్టి తాళం నాన్నగారికిచ్చి రమ్మనండి. బట్టలూ వస్తువులూ ఒకే షాపులో నూరు డాలర్లు దాటి కొంటే, కొనేటప్పుడు పాస్‌పోర్టు చూపించి టూరిస్టు రీఫండు అడగండి. జీఎస్‌టీలో కొంత చాంగీలో యంత్రం దగ్గర తిరిగి వస్తుంది.

తిరుగు రోజు ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి. చాంగీకి నాలుగైదు గంటలు ముందే చేరండి. మొదటి టెర్మినల్ పక్కనే జువెల్ ఉంది, 2019లో తెరిచారు, లోపల నలభై మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి, చుట్టూ అడవిలాంటి తోట. టికెట్టు అక్కర్లేదు. మీ ఎయిర్‌లైన్ ముందుగానే పెట్టెలు తీసుకుంటుందేమో కనుక్కుని వాటిని వదిలించుకుని, చేతులు ఖాళీ చేసుకుని వెళ్ళండి.

ఎప్పుడు వెళ్ళాలో మీరు రాయలేదు. చైనా కొత్త సంవత్సరం రోజులు, అంటే జనవరి చివరో ఫిబ్రవరో, తప్పించండి. అంగళ్ళు చాలా మూసి ఉంటాయి, హోటళ్ళ రేట్లు పైకి పోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా వానలెక్కువ. అవి పోగా మీకు సెలవు దొరికిన వారం ఏదైనా సరే, ఆదివారం బయల్దేరి గురువారం వచ్చేలా చూసుకోండి, టికెట్టు కొంత తగ్గుతుంది. నాన్నగారికి ముందే ఆ వారం చెప్పి ఒప్పించండి. వంట ఎవరు చేస్తారన్నది తేలకుండా అమ్మగారు గడప దాటరు, అది నాకు సింగపూర్ వీసా కన్నా కష్టమైన పనిలా కనిపిస్తోంది.